రిమోట్ వెలుగూ, తాటాకు మసీ

టీవీ రిమోటూ, ఇంట్లో ఎవరిదైనా ఒక ఫోనూ పట్టుకు రండి. ఫోన్లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ మూతి దాని ఎదురుగా పెట్టి ఏదో ఒక మీట నొక్కండి. తెర మీద లేత ఊదారంగు చుక్క ఒకటి మిణుకుమిణుకుమంటుంది. ఫోన్ పక్కన పెట్టి మామూలు కంటితో చూస్తే అక్కడ ఏమీ ఉండదు. వెనక కెమెరాతో చేస్తే చాలా ఫోన్లలో కనపడదు, ఈ వెలుగుని ఆపే పొర అందులో గట్టిగా ఉంటుంది. అందుకే సెల్ఫీ కెమెరా అన్నాను.

మన కన్ను చూడగలిగే వెలుగు సుమారు 400 నానోమీటర్ల ఊదా దగ్గర మొదలై 700 నానోమీటర్ల ఎరుపు దగ్గర ఆగిపోతుంది. ఎరుపు దాటాక వచ్చేది పరారుణ కాంతి, అదే ఇన్‌ఫ్రారెడ్. రిమోట్ మాట్లాడేది ఆ వెలుగుతోనే. కెమెరాలో ఉండే సిలికాన్ బిళ్ళకి దాదాపు 1000 నానోమీటర్ల దాకా చూపు ఆనుతుంది. అంటే మనకంటే ఆ బిళ్ళ కాస్త ఎక్కువ చూస్తుందన్నమాట.

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, మొన్న మా మనవరాలు ఒక ప్రశ్న వేసింది. "వేదాలూ శాస్త్రాలూ అన్నీ స్కాన్ చేసేసి నెట్‌లో పెట్టేస్తున్నారుట కదా తాతయ్యా, ఇంక మిగిలిందేముంది?" అని. పదో తరగతి పిల్ల. ప్రశ్న మంచిదే. జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు. మిగిలిందే ఎక్కువ.

ముందు తాటాకు దగ్గర మొదలెడదాం. తాటాకు గానీ, ఇంకా వెడల్పుగా మెత్తగా ఉండే శ్రీతాళం ఆకు గానీ కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, ఒక కొలతకి కత్తిరించేవాళ్ళు. దాని మీద గంటంతో గీకేవాళ్ళు. గీకినప్పుడు అక్షరం సరిగ్గా కనపడదు, గాట్లు మాత్రమే ఉంటాయి. తరవాత నూనెలో కలిపిన దీపం మసి ఆకంతా పులిమి, గుడ్డతో తుడిచేస్తే పైనున్న మసి పోయి, గాట్లలో ఇరుక్కున్నది మిగులుతుంది. అప్పుడు పంక్తులు నల్లగా తేలతాయి. ఆకులకి చిల్లులు పొడిచి, తాడు దూర్చి, అటూ ఇటూ చెక్క పలకలు వేసి కడితే కట్ట తయారు.

పురుగు పట్టకుండా, ఆకు పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె లాంటివి రాయడం పాత అలవాటు. కానీ ఎవరో ఒకరు భక్తి కొద్దీ చేతికందిన నూనె ఏదో పట్టిస్తారు. అది కొన్నేళ్ళకి ముదిరి ఆకుని కాఫీ గింజ రంగుకి తెస్తుంది. నల్లటి అక్షరం, నల్లబడ్డ ఆకు. ఇంకేం చదువుతాం?

సరిగ్గా ఇదే జరిగింది ఉడుపిలో. 13వ శతాబ్దపు మధ్వాచార్యుల రచనలన్నీ కలిసి ఉన్న సర్వమూల గ్రంథం ప్రతి ఒకటి అక్కడి మఠంలో ఉంది. సుమారు 340 ఆకులు. ఒక్కొక్కటి 26 అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. అంచులు పెళుసెక్కి రాలిపోతున్నాయి, నూనె దెబ్బకి ఆకులు ముదురు గోధుమ రంగుకి తిరిగాయి. అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచి పి.ఆర్. ముకుంద్, రోజర్ ఈస్టన్ అనే ఇద్దరు ఆచార్యులు 2006లో పరికరాలు మోసుకుని వచ్చారు. వాళ్ళ కెమెరాకి పరారుణ కాంతిని మాత్రమే లోపలికి పోనిచ్చే గాజు తొడిగి, ఆకుకి ఒక్కొక్క వైపునీ అనేక ముక్కలుగా ఫోటోలు తీశారు. మొత్తం 7,900 ఫోటోలు తేలాయి. వాటిని కంప్యూటర్లో ఒకదానికొకటి అతికారు. కంటికి మట్టిముద్దలా కనిపించిన ఆకు మీద పంక్తులు స్పష్టంగా లేచి నిలబడ్డాయి.

ఇందులో మంత్రమేమీ లేదు, రసాయనం ఉంది. ఆకు గోధుమ రంగుకి ఎందుకు తిరుగుతుంది? దానిలో ఉండే లిగ్నిన్ లాంటి పదార్థాలు గాలి, వెలుతురు తగిలి మారిపోతాయి. పాత దినపత్రిక పచ్చబడటానికీ కారణం ఇదే. అలా మారిన పదార్థం నీలం వెలుగుని బాగా మింగేస్తుంది, ఎరుపుని కొంచెమే మింగుతుంది, పరారుణాన్ని దాదాపు ముట్టుకోదు, వచ్చిందాన్ని వచ్చినట్టు వెనక్కి పంపేస్తుంది. అందుకని ఆ వెలుగులో ముసలి ఆకు కూడా తెల్లగా కొత్తగా కనిపిస్తుంది. ఇక మసి సంగతంటారా, అది బొగ్గు, అంటే కార్బన్. దానికి ఎంపికలు లేవు. ఏ రంగు వెలుగు పడ్డా మింగేస్తుంది. కాబట్టి మన కంటికి ఎంత నలుపో, పరారుణంలోనూ అంతే నలుపు. తెల్లటి ఆకు మీద నల్లటి అక్షరం మళ్ళీ వచ్చేసింది. రాసినవాడు దీపం మసిని ఏరికోరి తీసుకున్నది చవకని, చేతికందుతుందని. ఏడువందల ఏళ్ళ తరవాత కెమెరాకి సాయం పడింది కూడా ఆ మసే.

ఈస్టన్ అంతకుముందు పనిచేసింది ఆర్కిమిడీస్ రచనలున్న 10వ శతాబ్దపు తోలు పుస్తకం మీద. ఎవరో ఆ అక్షరాలు గీకేసి, పైన ప్రార్థనలు రాసుకున్నారు. అక్కడి సిరాలో ఇనుము ఉంటుంది. అది పరారుణంలో వెలవెలబోతుంది. అందుకని అక్కడ అతినీలలోహిత కాంతి వేసి, తోలు మెరుస్తుంటే సిరా మెరవని చోట అక్షరాలు పట్టుకున్నారు. సిరా ఏమిటో తెలియకుండా దీపం ఎంచుకోకూడదు.

కొన్ని ఆకుల మీద మసి పూర్తిగా పోయి ఉత్త గాట్లే మిగులుతాయి. వాటికి ఇంకో ఉపాయం. మీ నోటుబుక్కులో గట్టిగా నొక్కి రాసిన కాగితం చింపేసి, కింది కాగితం తీసి చూడండి, ఏమీ ఉండదు. గదిలో దీపం ఆర్పి, టార్చి లైటుని కాగితానికి ఆనించినట్టుగా పక్కనుంచి వేయండి. నొక్కిన గీతలన్నీ నీడలతో లేస్తాయి. తాటాకుకీ ఇదే చేస్తారు. కాకపోతే దీపాన్ని చుట్టూ తిప్పుతూ అనేక ఫోటోలు తీసి, ఏ వైపునుంచి వెలుగు పడితే ఏ గాటు ఎలా కనిపిస్తుందో కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తారు.

సరే, ఫోటో వచ్చింది. ఇక్కడికి పనైపోయిందనుకుని ఊరంతా చాటింపు వేసేవాళ్ళే ఎక్కువ. ఇన్ని లక్షల పుటలు డిజిటైజ్ చేశాం అని. నాకు మాత్రం అది తాళం వేసిన గాజు బీరువాలా కనిపిస్తుంది. పుస్తకాలు కనపడతాయి, చేతికి రావు. ఫోటోలో ఉన్నది అక్షరం కాదు, నలుపు తెలుపు చుక్కలు. అందులో 'అగ్ని' అన్న మాట ఎక్కడుందో వెతకమంటే కంప్యూటర్ తెల్లమొహం వేస్తుంది. దానికి అది ఆకు బొమ్మ, మామిడికాయ బొమ్మ లాగే. పైగా నెట్‌లో ఎక్కించిన చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తలో రకంగా కొట్టి ఉంటాయి. ఆంధ్రని ఒకచోట ఒక 'ఏ'తో, ఇంకోచోట రెండు 'ఏ'లతో. ఉన్న పుస్తకమే దొరక్కపోవడం కంటే చిరాకు ఇంకోటి లేదు.

బొమ్మ అక్షరం కావాలంటే అక్షరానికో నంబరు ఉండాలి. కంప్యూటర్‌కి తెలిసినవి నంబర్లేగా! 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి విడతలోనే మన తెలుగుకి 128 గదుల వాటా దక్కింది. ఇందులో నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. నాగరి 'క' నంబరు 2325. తెలుగు 'క' నంబరు 3093. తేడా 768. ఇప్పుడు 'మ' తీసుకోండి, 'హ' తీసుకోండి, గుణింతపు గుర్తులు తీసుకోండి. అన్నిటికీ అదే 768. తెలుగు 'క'కీ కన్నడ 'క'కీ తేడా 128. అది కూడా అంతటా అంతే. అంతకుముందు మన దేశంలో ఇస్కీ అనే పద్ధతి తయారుచేసినప్పుడు, భారతీయ లిపులన్నీ అన్నదమ్ములే కదా అని ఒకే వరసలో కూర్చోబెట్టారు. యూనికోడ్ ఆ వరసనే తీసుకుంది.

ఫలితం ఏమిటో చూడండి. కాశీలో నాగరిలో టైపు చేసిన ఉపనిషత్తుని తెలుగు లిపిలో చదవాలంటే ప్రతి అక్షరానికీ 768 కలిపితే సరి, అక్కడక్కడా చిన్న సర్దుబాట్లు తప్ప. ఒక లిపిలో ఎక్కిస్తే అన్ని లిపుల్లోనూ ఎక్కించినట్టే. వినోద్ రాజన్ తయారుచేసిన అక్షరముఖ లాంటి ఉపకరణాలు ఈ పని రెప్పపాటులో చేసి పెడతాయి. మా చిన్నతనంలో నాగరి రానివాడికి బొంబాయి అచ్చు పుస్తకం చేతికొచ్చినా లాభం లేకపోయేది. ఎవరో పూనుకుని తెలుగు లిపిలో మళ్ళీ అచ్చు వేయించేదాకా ఎదురుచూడాల్సిందే. సామాన్యుడికి ఈ గ్రంథాలు అందుబాటులోకి రావడంలో కెమెరాల కంటే ఈ కూడికే ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం.

అన్ని లిపులకీ ఈ భాగ్యం ఒకేసారి పట్టలేదు. తమిళదేశంలో సంస్కృతం రాసిన గ్రంథలిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2014లో. కౌటిల్యుడి అర్థశాస్త్రం తాటాకు ప్రతి 1905లో మైసూరులో శామశాస్త్రిగారి చేతికొచ్చింది ఆ లిపిలోనే. తుళు-తిగళారి లిపికైతే 2024 దాకా ఆగాల్సి వచ్చింది. లిపికి నంబర్లు లేకపోతే ఆ ఆకు మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించే దారే లేదు.

వేదం దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు ఒక్కటే చాలవు, స్వరాలు కావాలి. కింద అడ్డగీత అనుదాత్తం, పైన నిలువుగీత స్వరితం, రెండు నిలువుగీతలైతే దీర్ఘస్వరితం. మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించే కృష్ణయజుర్వేదం పుస్తకం తెరిస్తే పుట నిండా ఇవే. ఉత్త గీతలే కదా అని వదిలేస్తే కుదరదు. త్వష్ట కథ విన్నారా? ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తూ 'ఇంద్రశత్రు' అన్న మాటలో స్వరం తప్పాడట. ఇంద్రుణ్ణి చంపేవాడు కాస్తా ఇంద్రుడి చేతిలో చచ్చేవాడైపోయాడు. వైదిక గుర్తుల్లో చాలావాటికి యూనికోడ్ 2009లో వేరే వాటా ఇచ్చింది. నంబరు వచ్చింది కానీ, ఫాంటు తయారుచేసేవాళ్ళ తిప్పలు తీరలేదు. తెలుగులో అక్షరం కింద ఒత్తు ఉంటుంది, ఆ ఒత్తుకి తగలకుండా ఇంకా కింద గీత పెట్టాలి. పైన గుడి ఉంటే దానికి తగలకుండా నిలువుగీత నిలబెట్టాలి. ఇప్పటికీ కొన్ని ఫోన్లలో తెరిస్తే ఆ గీత పక్క అక్షరం నెత్తిన కూర్చుంటుంది.

ఇంతకీ బొమ్మలోంచి నంబర్లలోకి మార్చేదెవరు? అచ్చు పుస్తకమైతే ఇప్పుడు కంప్యూటర్ బాగానే చదువుతోంది. తాటాకు దగ్గర మాత్రం తడబడుతుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. పంక్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిలో దూరుతుంది. మధ్యలో తాడు చిల్లు. అంచున పురుగు తిన్న కంత. ఏది చిల్లు, ఏది సున్న? హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు 2019లో ఇండిస్కేప్స్ అని ఒక నమూనాల సంచి తయారుచేశారు. అందులో మనుషులు కూర్చుని ఒక్కొక్క ఆకు బొమ్మ మీద ఇది పంక్తి, ఇది చిల్లు, ఇది చెడిపోయిన చోటు అని గీతలు గీసి చూపించారు. దాన్ని చూసి యంత్రం నేర్చుకుంటుంది. చదవడం ఆ తరవాతి మెట్టు, ముందు పంక్తి ఎక్కడుందో తెలియాలి కదా.

చదవడంలోనూ చిక్కులున్నాయి. పాత తెలుగు రాతలో 'ధర్మము' అని రాయాలంటే 'ధమ౯ము' అని రాసేవాళ్ళు. ఆ చివరి గుర్తు పేరు వలపలగిలక. మ ముందు పలకాల్సిన రకారాన్ని మ పక్కన పెట్టడం అన్నమాట. తెలుగు అంకెల్లో తొమ్మిదీ అచ్చం అలాగే ఉంటుంది. యంత్రం ఆ ధర్మంలో తొమ్మిది చదివేస్తే దాని తప్పేముంది? పక్కన కూర్చుని, "కాదు నాయనా, అది రకారం" అని చెప్పే పండితుడు ఉండాలి. అలాంటివాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. కెమెరాలు మాత్రం ఏటేటా చవకవుతున్నాయి. జాతీయ పాండులిపి మిషన్ 2003లో మొదలైంది. 2025 బడ్జెట్‌లో జ్ఞానభారతం పేరుతో కోటికి పైగా ప్రతులని లెక్కలోకి తెస్తామన్నారు. సంతోషం. అందులో పాత లిపులు చదివే కుర్రాళ్ళకి జీతాలెంత పెట్టారన్నదే నేను ముందు చూస్తాను.

ఇప్పుడు అసలు గండం. అక్షరాలన్నీ తప్పు లేకుండా ఎక్కాయనుకోండి. 'ఆలయం' అని వెతకండి. పుస్తకంలో 'దేవాలయం' ఉంది. దొరుకుతుందా? దొరకదు! మనం వెతికింది 'ఆ' అనే అచ్చు, దానికో నంబరు. పుస్తకంలో ఉన్నది 'వ' పక్కన దీర్ఘం గుర్తు, దానికి ఇంకో నంబరు. దేవ, ఆలయం కలిసినప్పుడు 'ఆ' కరిగిపోయింది. సంధి! తెలుగు పరీక్షలో అందరూ తిట్టుకునే సంధే. సంస్కృతంలో పంక్తికి నాలుగైదు చోట్ల ఇలా కరిగిపోతాయి. కాబట్టి సంధి విడదీయడం రాని వెతుకులాట సంస్కృత గ్రంథంలో సగం గుడ్డిది.

విడదీయడమూ ఒకే రకంగా ఉండదు. 'నతేన' అని ఉంటే 'న తేన', అంటే వాడి చేత కాదు అనొచ్చు. లేదూ ఒకే మాటగా తీసుకుంటే వంగినవాడి చేత అనొచ్చు. ముందూ వెనకా చూడాలి. పారిస్‌లో జెరార్ హ్యూయె, మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అంబా కులకర్ణి ఏళ్ళ తరబడి తలలు పట్టుకున్నది ఈ లెక్కతోనే. పాణిని సూత్రాలని వెనకనుంచి ముందుకి నడిపిస్తే, ఒక పంక్తి ఎన్ని రకాలుగా విడిపోగలదో కంప్యూటర్ అన్నీ వరసగా చూపిస్తుంది. పొడుగాటి పంక్తైతే ఆ రకాలు వందలూ వేలూ ఉంటాయి. వాటిలో అర్థం కుదిరేది పట్టుకోవాలి. కులకర్ణిగారి సంసాధని నెట్‌లో ఉంది, ఎవరైనా ఒక శ్లోకం ముక్క వేసి చూసుకోవచ్చు.

మా మనవరాలు ఇక్కడ ఆపింది. "అయితే పాతవాళ్ళకి ఈ ఇబ్బంది తెలీదా తాతయ్యా?" తెలీకేం! ఋగ్వేదానికి శాకల్యుడు పదపాఠం చేశాడు. సంధులన్నీ విప్పేసి, మాటకి మాట విడిగా నిలబెట్టాడు. దాని మీద క్రమం, జట, ఘనం అని వల్లెవేసే పద్ధతులు కట్టారు. ఘనంలో మూడు మాటలుంటే ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్ళీ ఒకటి-రెండు-మూడు అని చెబుతారు. అలా చెబుతున్నప్పుడు ఎక్కడైనా ఒక్క మాట జారితే తిరగేసినచోట పట్టుబడిపోతుంది. ఇవాళ ఫైలు పంపేటప్పుడు కంప్యూటర్లు అదనంగా కొన్ని అంకెలు జోడించి, అవతల సరిచూసుకుంటాయి. ఉద్దేశం అదే. కాకపోతే వేదానికి దక్కిన ఈ పదపాఠం మిగతా వాఙ్మయానికి దక్కలేదు. పురాణాలూ శాస్త్రాలూ కావ్యాలూ అన్నిటికీ శాకల్యులు ఎక్కడినుంచి వస్తారు? ఆ ఖాళీలోకే ఇప్పుడు యంత్రం వచ్చింది.

గ్రంథం అక్షరాలుగా యంత్రంలోకి శుభ్రంగా ఎక్కినచోట ఎంత సుఖమో మహాభారతం చూస్తే తెలుస్తుంది. పూణేలోని భండార్కర్ సంస్థ పండితులు 1,259 ప్రతులు పోల్చి, 1966 నాటికి శోధిత ప్రతి పూర్తిచేశారు. ఆ ప్రతుల్లో మన తెలుగు లిపి తాటాకులూ ఉన్నాయి. తరవాత జపాన్‌లో క్యోటోకి చెందిన మునేవో తొకునాగ ఆ శ్లోకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కేంబ్రిడ్జిలో జాన్ స్మిత్ తప్పులు దిద్ది అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఒక్క తాటాకుని కుదించకుండా తీసిన పెద్ద ఫోటో ఎంత చోటు పడుతుందో, ఆ చోటులో పద్ధెనిమిది పర్వాల అక్షరాలూ హాయిగా పడతాయి.

అంతమాత్రాన తాటాకులు అవతల పారేస్తామా? హార్డ్ డిస్క్ ఆయుష్షు పదేళ్ళు దాటితే గొప్ప. తాటాకు వందల ఏళ్ళు ఉంటుంది, విద్యుత్తు అడగదు. ఆకు శిథిలమయ్యేలోపు కొత్త ఆకు మీదికి ఎత్తి రాసుకుంటూ వచ్చారు కాబట్టే మనదాకా వచ్చాయి. డిస్కుకీ అంతే, ఇంకా తరచుగా.

మీలో ఎవరింట్లోనైనా అటక మీద కట్ట ఉంటే నూనె రాయకండి, ఎండలో పెట్టకండి. తాడు గట్టిగా లాగకండి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపి, పక్కన ఒక స్కేలు పెట్టి, పగటి వెలుతురులో మొదటి ఆకూ చివరి ఆకూ ఫోటో తీసి, దగ్గరలో ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ఏదుంటే దానికి చూపించండి. చివరి ఆకు ముఖ్యం. రాసినవాడు తన పేరూ, పూర్తిచేసిన రోజూ చాలాసార్లు అక్కడే పెడతాడు. అయితే సంవత్సరం 'విభవ' అని మాత్రమే ఉంటుంది. విభవ అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1868 కావచ్చు, 1808 కావచ్చు, 1748 కావచ్చు. దానితోపాటు మాసం, తిథి, వారం కూడా రాసి ఉంటే మీ అదృష్టం. పంచాంగం లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటి తెరిచి, ఆ మూడేళ్ళలోనూ ఆ తిథి ఏ వారం పడిందో చూడండి. సాధారణంగా ఒక్కదానికే కుదురుతుంది. మా మనవరాలు ఆ లెక్క ఫోన్లో చేయొచ్చా అని అడిగింది. చేయొచ్చు, కానీ ముందు ఆ తెలుగు అంకెలు నేర్చుకోమన్నాను.